తపస్సు మాను ఎక్కిన గంగులప్ప

గంగులప్ప పదకొండేళ్లు తపస్సు మాను ఎక్కాడు. పన్నెండో ఏడు, అంటే రెండువేల సంవత్సరంలో, ఎక్కలేదు. కాళ్లు విరిగీ కాదు, గొంతు పోయీ కాదు.

పుంగనూరు దగ్గర వాళ్ల ఊళ్లో ఎండాకాలం వస్తే ద్రౌపదమ్మ గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అయితే జనం విరగబడేది అర్జునుడి తపస్సు నాడే. అది పట్టపగలు. అరవై అడుగుల మాను పాతి, మెట్లలాగా అడ్డకట్టెలు కొట్టి, కొసన మనిషి నిలబడేంత మంచె కడతారు. అర్జునుడి వేషం కట్టినవాడు మెట్టుకొక పద్యం పాడుతూ పైకి పోవాలి. కింద పిల్లల్లేని ఆడవాళ్లు తలకు పోసుకుని, తడిచీరలతో మాను చుట్టూ బోర్లా పడుకుని ఉంటారు. పద్యాలు అయిపోగానే లేచి కూచుని కొంగు పడతారు. పైనుంచి అర్జునుడు జోలెలోని నిమ్మకాయలు విసురుతాడు. ఎవరి ఒళ్లో కాయ పడితే ఆమెకు ఏడాది తిరిగేలోగా కడుపు పండుతుందని నమ్మకం. అర్జునుడికి ఒకటే కట్టుబాటు. ఆకాశం వంక చూస్తూ విసరాలి. కాయ ఎవరికి పడాలన్నది దేవుడి ఇష్టం.

ఒక ఏడు పేపరులో జిల్లా పేజీవాళ్లు దీన్ని కుటుంబంతో వచ్చి చూసి ఆనందించదగిన వేడుక అని రాశారు. అప్పట్నుంచి బెంగుళూరు కార్లు కూడా రావడం మొదలైంది. వచ్చినవాళ్లు నిజంగానే ఆనందించేవాళ్లు. గొడుగుల కింద చెరుకురసం తాగుతూ, మండే మట్టిలో ముఖం పెట్టుకుని పడుకున్న ఆడవాళ్లను ఫోటోలు తీసుకునేవాళ్లు. ఆ వీపుల మీద చీరలు పది నిమిషాలకే ఆరిపోయేవి. ఎవరో ఒకరు బిందె తెచ్చి మళ్లీ తడిపిపోయేవాళ్లు.

మిగతా రోజుల్లో గంగులప్ప మదనపల్లె మార్కెట్ యార్డులో హమాలీ. టమోటా లారీలకు ఎత్తేవాడు. మేస్త్రీ అతన్ని పేరు పెట్టి పిలిచిన రోజు లేదు, ‘ఒరే పుంగనూరోడా’ అనడమే. కానీ ఎప్పుడైనా పెద్దతిప్పసముద్రం వైపు నుంచి ఎవరో ఒక తల్లి చంటిబిడ్డతో యార్డులోకి వచ్చి, టమోటా రసంతో జిగటగా ఉన్న అతని కాళ్లకు మొక్కేది. ఆ కాసేపు మేస్త్రీ కూడా పక్కకు తప్పుకుని నిలబడేవాడు. గంగులప్ప చేతి కాయ తప్పదని మూడు మండలాల్లో పేరు. నాటకం నేర్పే గోవిందస్వామి తన దగ్గర ఇంతమంది అర్జునులు తయారైనా ఇలాంటి చేయి లేదనేవాడు. బతుకులో గంగులప్పకు దక్కిన మర్యాద అదొక్కటే.

ఏటా మాను కింద పడుకునేవాళ్లలో అతని పెళ్లాం రెడ్డెమ్మ కూడా ఉండేది.

తొంభై అయిదులో ఇద్దరూ మదనపల్లెలో ఒక ఆస్పత్రికి పోయి పరీక్షలు చేయించుకున్నారు. వారం తర్వాత కాగితాల కోసం గంగులప్ప ఒక్కడే, యార్డు నుంచి అటే పోయాడు. ఆమెకు ఏ లోపమూ లేదని, లోపమంతా నీదేనని, దానికి మందు లేదని డాక్టరు నిదానంగానే చెప్పాడు. గంగులప్ప ఆ కాగితాన్ని బస్టాండు వెనక చించి పారేశాడు. ఇంటికి వచ్చి ఇద్దరికీ ఏమీ లేదంట, దేవుడు కన్ను తెరవాలంట అని చెప్పాడు. నిజం బయటపడితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. గొడ్డువాడి చేతి కాయకు కొంగు పట్టేదెవరు? మాను పోతుంది. మాను పోతే మిగిలేది పుంగనూరోడే.

ఆ తర్వాత నాలుగేళ్లు రెడ్డెమ్మ తడిచీరతో పడుకుంటూనే వచ్చింది. అతను ఎక్కుతూనే వచ్చాడు.

తొంభై తొమ్మిదిలో భారతం మొదలయ్యే ముందు అతని తల్లి మునెమ్మ తెగేసి చెప్పింది. ఈ ఏడు కూడా కాయ పడకపోతే కొడుక్కి రెండో పెళ్లి. ఊళ్లో సగంమంది అది న్యాయమే అన్నారు. తక్కినవాళ్లు ఇన్నేళ్లు ఆగడమే ఎక్కువన్నారు.

ఆ ఏడు తపస్సు నాడు మాను కొసన నిలబడి గంగులప్ప మొదటిసారి కిందికి చూశాడు. తడిసిన తలల మధ్య రెడ్డెమ్మ ఎక్కడుందో గుర్తుపట్టాడు. గురి చూసి కాయ విసిరాడు. అది నేరుగా ఆమె కొంగులో పడింది. ఇటుపక్కా అటుపక్కా కూచున్న ఆడవాళ్లు ఏడుస్తూ ఆమె కాళ్లకు మొక్కారు. రెండో పెళ్లి మాట ఆ సాయంత్రమే ఆగిపోయింది.

మూడో రోజు పొద్దున రెడ్డెమ్మ తలకు పోసుకుని, తూర్పుకు తిరిగి కూచుని, ఆ కాయను తొక్కతో సహా తింటూ ఉంది. పులుపుకు కళ్లు మూతపడుతున్నా ముఖం వెలిగిపోతూ ఉంది. గంగులప్ప అది చూస్తూ ఉండలేకపోయాడు.

“ఆ కాయ నేను సూసి ఏసిందే” అన్నాడు.

రెడ్డెమ్మ నవ్వింది. “మొగోడు పెండ్లానికి ఏసుకోక పక్కింటామెకు ఏస్తాడా? దేవుడికి నేను సర్ది సెప్పుకుంటాలే మామా.”

ఆ నవ్వుకే అతని నోరు తెరుచుకుంది. ఆస్పత్రి మాట, డాక్టరు మాట, చించేసిన కాగితం మాట అన్నీ చెప్పేశాడు. ఆమె నోట్లోది మింగలేదు, ఉమ్మలేదు. చేతిలో మిగిలిన కాయను కింద పెట్టి అడిగింది.

“ఎన్నేండ్లాయ నీకు తెలిసి?”

“నాలుగు.”

ఆ నాలుగేళ్లలో ఒక ఏడు ఆమెకు ఒళ్లు కాలిపోయే జ్వరం. అయినా పడుకుంది. తపస్సు అయ్యాక నలుగురు కలిసి మోసుకుని ఇంటికి తెచ్చారు. ఆమె అలా పడుకుని ఉన్నంతసేపూ గంగులప్ప పైన పద్యాలు పాడుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత అయిదో రోజు రెడ్డెమ్మ అత్త దగ్గరికి పోయి, కాయ పడినా తనకు నమ్మకం కుదరడం లేదని, రెండో పెళ్లే మంచిదని, పిల్లను తానే చూస్తానని చెప్పింది. మునెమ్మ నోరు వెళ్లబెట్టింది. ఆ తర్వాత వీధివీధికీ తిరిగి కోడలి మనసు ఎంత గొప్పదో చెప్పుకుంది. కుప్పం దగ్గర పట్టుపురుగులు పెంచే వెంకటస్వామి అనే రైతుకు రెండో కూతురుందని రెడ్డెమ్మే వాకబు చేసింది. పెళ్లిచూపుల రోజు కూడా ఆమే కుదిర్చింది.

ఇద్దరూ కుప్పం పోయే దారిలో, పలమనేరులో బస్సు మారేటప్పుడు గంగులప్ప ఆమె ముందు నిలబడి, ఇది ఎందుకు చేస్తున్నావని, తిట్టాలనుంటే తిట్టమని, వెనక్కి పోదామని బతిమాలాడు.

“నాకు సెప్పినావు, సరే” అంది రెడ్డెమ్మ. “ఊరికి నేను ఇంగా గొడ్డుదాన్నే. అర్జునుడి మింద నేను సెప్తే ఎవురు నమ్ముతారు మామా? నువ్వే సెప్పల్ల. సెప్పకుంటే తాళి కట్టు. వచ్చే భారతానికి ఆ పిల్లా నేనూ పక్కపక్కనే పండుకుంటాం.”

వెంకటస్వామి ఇంట్లో గంగులప్పకు దేవుడికి చేసినట్టు చేశారు. కాళ్లకు నీళ్లిచ్చారు, కొత్త చాప వేశారు. వెంకటస్వామి పెద్దకూతురు మూడేళ్ల కిందట గంగులప్ప విసిరిన కాయ తిని కొడుకును కన్నదట. ఆ పిల్లవాణ్ణి తెచ్చి అతని ఒళ్లో కూచోబెట్టారు.

“నీ సేతి పండేనప్పా వీడు” అన్నాడు వెంకటస్వామి. “అడగంగానే మేము ఒప్పుకొనింది అందుకే. లేకుంటే రెండో సంబంధానికి బిడ్డనిస్తామా?”

పెళ్లికూతురు కాఫీ తెచ్చింది. పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. అందరికీ ఇచ్చి, రెడ్డెమ్మకు గ్లాసు అందిస్తూ అక్కా అంది. రెడ్డెమ్మ గ్లాసు తీసుకుని తలవంచుకుని తాగుతూ ఉండిపోయింది. గంగులప్ప ఆమె వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. పిల్ల నచ్చిందా అని వెంకటస్వామి రెండుసార్లు అడిగాడు.

“పిల్లలో ఏ లోపమూ లేదు” అన్నాడు గంగులప్ప. “ఈమెలో కూడా లేదు. లోపం నాలో ఉండాది. డాక్టరు సెప్పి నాలుగేండ్లాయ. నాకు ఈ జన్మలో బిడ్డలు పుట్టరు.”

పెద్దకూతురు గబగబా వచ్చి అతని ఒళ్లోంచి పిల్లవాణ్ణి ఎత్తుకుని లోపలికి పోయింది. పోతూ పోతూ వాడి నుదుటిని కొంగుతో తుడిచింది. ఇందాక ఒళ్లో కూచోబెట్టగానే గంగులప్ప పెట్టిన విభూతి అది. వెంకటస్వామి లేచి, వాకిలి వైపు చూస్తూ నిలబడ్డాడు. పొమ్మని చెప్పడానికి అతనికి మనసొప్పలేదు, కూచోమని చెప్పడానికీ మనసొప్పలేదు.

రెడ్డెమ్మ కాఫీ చివరిదాకా తాగింది. గ్లాసు కింద పెట్టి, ఆ పిల్ల తల ఒకసారి నిమిరి లేచింది.

“పోదాం పద. పలమనేరు బస్సు పోతాది.”

బస్సులో ఆమె ఆడవాళ్ల సీట్లో కూచుంది. గంగులప్ప వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఈ మాట రేపటికల్లా పుంగనూరు చేరుతుంది, ఎల్లుండికి గోవిందస్వామికి తెలుస్తుంది, కొత్త అర్జునుణ్ణి వెతుక్కుంటారు. అదంతా అతను దారి పొడవునా లెక్కగట్టుకుంటూనే ఉన్నాడు. వి.కోటలో ఆమె పక్కనున్న ముసలమ్మ దిగిపోయింది. గంగులప్ప రెండడుగులు ముందుకు వేశాడు. రెడ్డెమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే, ఒళ్లోని గుడ్డసంచి తీసి ఆ ఖాళీ సీట్లో పెట్టింది. అతను పలమనేరు దాకా నిలబడే ఉన్నాడు.