జైసల్మేర్ కుండకి నా ముడి

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే, ముందు ఏం తిన్నారో, ఎంతసేపు పడుకున్నారో అడిగే మనిషిని నేను. మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది గానీ బుద్ధి ఆగిపోలేదు. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను.

మాది గుణుపూర్ దగ్గర వ్యవసాయ కుటుంబం. ఆయన పోయాక కొరాపుట్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. నాకూ కోడలికీ పొసగదు. ఆమె కొళాయి విప్పి వదిలేస్తుంది, నేను వెనకే వెళ్లి కట్టేస్తాను. ఆమె తాగేది ఫిల్టరు నీళ్లు, నేను తాగేది మట్టికుండలోవి. ఆ కుండ మూతికి పాత చీర ముక్క కప్పి, దాని అంచునే చింపి కడతాను. ముడి మా అమ్మ నేర్పింది. రెండు కొసలూ మెలిపెట్టి కింద నుంచి పైకి దోపాలి. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ రాదు.

పోయిన చలికాలం సెలవులకి జైసల్మేర్ వెళ్లాలని కోడలు పట్టుబట్టింది. రాయగడ వెళ్లి రైలెక్కడం, కోట, ఇసక దిబ్బల మీద ఒంటెలు, జనం వదిలేసి పోయిన ఏదో పాడుపడ్డ పల్లె. మనవరాలు పావని అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది. వెళ్లేది ముగ్గురే. నన్ను గుణుపూర్‌లో చెల్లెలి ఇంట్లో దించేస్తారట. వస్తావా అని ఒక్కరూ అడగలేదు.

"నీళ్లు లేని ఊరికి సరదాకి ఎళ్తారేటి ఎవలైనా?" అన్నాను.

"మీరెలాగూ రారు కదత్తా, మీకేటి బాధ?" అంది కోడలు.

"పిలిస్తే మాత్రం వస్తానేటి? ఆ ఇసకలో మీరే పొర్లండి."

నాలుగు రోజులు ఆమె వండింది ముట్టలేదు. నా గంజి నేనే కాచుకున్నాను.

ఐదోరోజు పొద్దున, ఏ రైలుకి వస్తారో చెప్పడానికి కొడుకు అక్కడ బస ఇచ్చే ముసలాయనకి ఫోన్ చేశాడు. అందరికీ వినపడేలా పెట్టాడు. వాళ్లు మాట్లాడేది హిందీ, నాకు రాదు. గుమ్మంలో కూర్చుని చేటలో మినుములు బాగుచేస్తున్నాను. ఉన్నట్టుండి పావని నా వైపు తిరిగింది.

"మామ్మా, మీ ముసలావిడ ముందే వచ్చేసేరు కదా అంటన్నాడు."

ఇంకెవరో అయి ఉంటారని కొడుకు నవ్వాడు. ఆయన ఒప్పుకోలేదు. ముందురోజు మధ్యాహ్నం వచ్చిందట. కొరాపుట్ అని చెప్పిందట. ముక్కుకి రెండువైపులా పుడకలు, ఎడమ చేతి మీద కాలిన మచ్చ. నీళ్లకుండ తెరిచిపెట్టావేమని తిట్టి, గుడ్డ కట్టి, మెట్టు మీద కూర్చుందట. ఆయన తాగడానికి నీళ్లు తెచ్చేసరికి లేదట.

నా ముక్కుకీ రెండు పుడకలే. నా చేతి మచ్చ గంజి వార్చేటప్పుడు పడింది. ఆ మధ్యాహ్నం నేను డాబా మీద వడియాలు పెడుతున్నాను. పక్కింటావిడ చూసింది.

కొడుకు అడిగితే ఆయన కుండ ఫొటో పంపాడు. గుడ్డకి నా పాత చీరలాంటి ఆకుపచ్చ అంచు. కొసలు కింద నుంచి పైకి దోపి ఉన్నాయి. వంటింట్లోకి వెళ్లి చూస్తే నా కుండ గుడ్డ దాని మీదే ఉంది. పెట్టెలో ఆ చీర మిగతా ముక్కకి ఒకవైపు అంచు చినిగి ఉంది. ఎప్పుడో నేనే చింపి ఉండొచ్చు. ప్రమాణం చేయలేను.

"మేం ఎళ్లకూడదని దిసారి సేత ఏదో సేయించేరు," అంది కోడలు, నా మొహం చూడకుండా. దిసారి అంటే ఇక్కడి కొండవాళ్ల పూజారి.

"నీ కోసం దిసారికి కోడి కూడా దండగే," అన్నాను.

ప్రయాణం ఆగిపోయింది. పావని నోటుపుస్తకం నా కాళ్ల దగ్గర పడేసింది.

రావడం లేదని చెప్పడానికి కొడుకు సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాడు. ఆవిడ ఏ భాషలో మాట్లాడిందో అడగమన్నాను. తమ ఊరి భాషలోనే అన్నాడు ముసలాయన. ఇంకేమందో అడగమన్నాను. పావని విని చెప్పింది.

"‘ముగ్గురికే మంచాలు సెప్పేరట, నాకు లేదేటి?’ అని అడిగిందట మామ్మా."

కోడలు తలెత్తి నన్ను చూసింది. నేను చేట పట్టుకుని లోపలికి వెళ్లిపోయాను.

ముడి ఇంకెవరికైనా వచ్చి ఉండొచ్చు. మచ్చ ఎవరికైనా ఉండొచ్చు. ఆ మాట మాత్రం నేను ఎవరితోనూ అనలేదు. నాలుగు రోజులు గంజితో పాటు మింగుతూనే ఉన్నాను. అది అంత దూరం ఎలా వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు.