గోటి గాటు

ఆ వీధిలో ఆయన్ని అందరూ విమానాలాయన అంటారు. జన్మలో ఒక్కసారైనా విమానమెక్కిన పాపాన పోలేదు. ముందుగదిలో పొడుగాటి బల్ల వేసుకుని బాల్సా చెక్కతో చిన్న చిన్న విమానాలు చేస్తాడు. ఎవరైనా వాటిని బొమ్మలన్నారో, ముక్కుమీదికి కోపం వచ్చేస్తుంది. "బొమ్మలేంటి? ఎగురుతాయవి!" అని కసురుతాడు. నిజంగానే ఎగురుతాయి. పోటీలకి వెళ్లేవాళ్లు ఎక్కడెక్కడినుంచో వచ్చి మరీ చేయించుకునేవారు.

ఆయన పనితనమంతా రెక్క కొసన ఉండే వంపులో ఉంది. బాల్సా మహా తేలిక, మహా పెంకిది కూడా. బద్దగా వంచబోతే పుటుక్కుమంటుంది, విరగకపోతే మళ్లీ నిటారుగా లేచి కూర్చుంటుంది. అందుకని పల్చటి పట్టీలుగా కోసి, వేడినీళ్లలో నానబెట్టి, జిగురు రాసి ఒకదానిమీద ఒకటి పేర్చి, అట్టతో చేసిన అచ్చు చుట్టూ తిప్పి బిగిస్తాడు. ఆరిపోయాక అచ్చు తీసేసినా పట్టీలు ఒకదాన్నొకటి వదలవు. వంపు వంపుగానే ఉండిపోతుంది.

దానికి రెండు జతల చేతులు కావాలి. ఒకరు పట్టీల మొదలుని బొటనవేలితో అచ్చుకి అదిమి ఉంచితే, రెండోవారు అవతలి కొస పట్టుకుని మెల్లగా లాగుతూ చుట్టాలి. పిన్నులు గుచ్చుకుని ఒక్కడే చేసుకోవచ్చు కదా అంటే, పిన్ను దిగిన చోట పట్టీ చీలుతుందని మొహం చిట్లిస్తాడు. పెళ్లైన కొత్తల్లోనే ఆ అదిమిపట్టే పని భార్యకి అప్పజెప్పాడు. ఆయనకి ఎడమపక్కన కూర్చుని ఆవిడ కుడి బొటనవేలు ఆనించిందంటే అది ఉడుంపట్టే. ఒక్కటే తంటా, ఆవిడకి గోళ్లు తీసుకోవడానికి బద్ధకం. నానిన బాల్సా వెన్నలా ఉంటుందేమో, ప్రతి వంపు మొదట్లోనూ నెలవంకంత గాటు పడేది.

"మళ్లీ పెట్టావా? గోళ్లు తీసుకోమని ఎన్నిసార్లు మొత్తుకోవాలే నీకు?"

"అది నా సంతకమండీ. లేకపోతే మీరొక్కరే చేశారనుకోరూ జనం?"

ఆయన గొణుక్కుంటూ గాటులో నీటిచుక్క వేసి ఉబ్బించి, గరుకు కాగితంతో రుద్ది చదును చేసేవాడు. కొన్ని మాత్రం ఆయన కళ్లుగప్పి, పైన అతికించే పల్చటి కాగితం కింద అలాగే ఉండిపోయేవి.

ఒకరోజు పొద్దున్న వంటింట్లో జిగురుగిన్నె కింద పడిన చప్పుడైంది. "ఇవాళేం పగలగొట్టావే?" అని బల్ల దగ్గరినుంచే కేకేశాడు. ఉలుకూ పలుకూ లేదు. విసుక్కుంటూ లేచి వెళ్లేసరికి ఆవిడ నేలమీద పడి ఉంది, మూతి ఒక పక్కకి జారిపోయింది. ఆ కేక వేసినందుకు ఆయన తనని తాను ఈనాటికీ క్షమించుకోలేదు.

పక్షవాతం. ఆసుపత్రినుంచి ఇంటికొచ్చాక కాలు కొంత దారికొచ్చింది, గోడ పట్టుకుని నడుస్తోంది. మాట ఒక్కొక్కటే కూడబలుక్కుని వస్తోంది. కుడిచేయి మాత్రం ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువులాగా ఒడిలో పడి ఉంటోంది. కసరత్తులు చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి మొహమాటపడుతూనే చెప్పింది.

"ఈపాటికి కొంచెమైనా కదలాలి బాబాయ్‌గారూ. ఒక్క వేలితోనైనా నొక్కగలిగితే ఆశ పెట్టుకోవచ్చు. లేకపోతే మాత్రం..."

ఆయన ఆ "లేకపోతే" వినలేదు. మర్నాటినుంచి వచ్చిన పనల్లా వెనక్కి పంపేశాడు. తెల్లారితే చాలు పట్టీలు నానబెట్టడం, ఆవిణ్ని పక్కన కూర్చోబెట్టడం, కుడిచేయి ఎత్తి బొటనవేలు అచ్చుమీద పెట్టడం. "నొక్కవే. ఒక్కసారి నొక్కు తల్లీ," అని బతిమాలేవాడు. పట్టీలు జారి ఒళ్లో పడేవి. మళ్లీ పెట్టేవాడు. సహనం చచ్చి ఒక్కోసారి "నీకే లేదే ఆ పట్టుదల!" అని అరిచేసి, ఆ వెంటనే ఆ చచ్చుబడిన చేతినే కళ్లకద్దుకుని ఏడ్చేవాడు. గోళ్లు తియ్యమని జీవితమంతా పోరుపెట్టిన మనిషి, ఇప్పుడు ఆ కుడి బొటనవేలి గోరుని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. గాటు పడాలి కదా! దేనికీ పనికిరాని పట్టీలు బల్లకింద కుప్పపడ్డాయి. ముందు పెట్టిన కంచం ముందే చల్లారిపోయేది. ఆవిడ చూస్తూ కూర్చునేది.

ఒకనాడు పొయ్యిమీద నీళ్లు పొంగుతుంటే పట్టీలు అచ్చుకి టేపుతో బిగించి ఉంచి వంటింట్లోకి పరుగెత్తాడు. తిరిగొచ్చి చూస్తే, ఆవిడ కుడి బొటనవేలి కింద, మొదటి పట్టీమీద, నెలవంక!

ఇక ఆయన్ని పట్టుకునేవాళ్లెవరు? గుమ్మంలోకి పోయి దారినపోయే ప్రతివాడికీ చెప్పాడు. ఎదురింటి దర్జీని లాక్కొచ్చి మరీ చూపించాడు. పాపం దర్జీ, చెక్కమీద గీతకి ఇంత సంబరమేమిటో అర్థం కాకపోయినా తల ఊపాడు. ఆ మధ్యాహ్నం ఆయన కంచం ఖాళీ చేసి రెండోసారి వడ్డించుకున్నాడు. ఆవిడ సగం మూతితోనే నవ్వింది.

సాయంత్రం ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. ఆవిడ కుడి అరచేతిలో తన వేలు పెట్టి, "నొక్కండి పిన్నిగారూ," అంది. చాలాసేపు చూసింది. అటు పెట్టి, ఇటు పెట్టి చూసింది.

"పొరపాటున మీ గోరే తగిలిందేమో బాబాయ్‌గారూ."

"ఆ గాటు నాకు తెలీదంటావా? ఇన్నేళ్లు రుద్ది రుద్ది నా వేళ్లరిగిపోయాయమ్మా! ఉండు, చూపిస్తా."

స్టూలెక్కి, పైకప్పుకి వేలాడుతున్న పాత విమానాన్ని దింపాడు. ఆయన ప్రాణంలా చూసుకునే విమానమది. దాని రెక్క కొసన కాగితాన్ని పర్రున చింపేశాడు. పాత గాటు అక్కడే ఉంది. అచ్చునుంచి కొత్త వంపుని విప్పి, రెండిటినీ కిటికీ వెలుగులో పక్కపక్కన పట్టుకుని, భూతద్దం తీశాడు.

పాత నెలవంక పొట్ట రెక్క కొసవైపు ఉంది. కొత్తదాని పొట్ట లోపలివైపు ఉంది.

కుడి బొటనవేలు అలా నొక్కలేదు. ఎడమచేయి రెండోవైపునుంచి వచ్చి నొక్కితేనే అలా పడుతుంది. ఆయన తలెత్తి చూశాడు. ఆవిడ ఎడమచేతిని గబుక్కున ఒళ్లో ఉన్న దుప్పటి కిందకి లాక్కుంది.

ఆ అమ్మాయికి సంగతి అర్థమైనట్టుంది, "రేపొస్తాను," అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

"ఎందుకు చేశావే ఇలా?"

ఆవిడ మాట కూడబలుక్కోవడానికి చాలాసేపు పట్టింది. "మీరు... తినడం... లేదు."

ఆయన బల్లమీద తల వాల్చి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ చేయి ఇక రాదు. అమ్మాయి సగంలో మింగేసిన ఆ "లేకపోతే" మొదటిసారి పూర్తిగా వినిపించింది. ఇంతకాలం తను బతిమాలింది ఆవిణ్ని కాదు, ఆ చేతిని. ఆవిడ కూర్చునే ఉంది పక్కన, ఆకలి వేస్తోందో, నడుము నొప్పి పెడుతోందో ఒక్కరోజైనా అడిగిన పాపాన పోలేదు. ఆ తలపుకి ఏడుపు ఇంకా ఎక్కువైంది.

ఎప్పటికో పళ్లెంలో నీళ్లు కదిలిన చప్పుడైతే తలెత్తాడు. ఆవిడ ఎడమచేత్తో నానిన పట్టీ ఒకటి తీసి అచ్చుకి ఆనించింది. బొటనవేలితో అదిమింది. పట్టీ కదల్లేదు.

"ఇటు... రండి."

"ఏంటి?"

"అటు కాదు... ఇటు."

ఆవిడ ఎడమచేత్తో అదిమిపట్టాలంటే ఆయన ఆవిడకి ఎడమపక్కన కూర్చోవాలి, ఇన్నాళ్లూ కుడివైపుకి చుట్టినవాడు ఎడమవైపుకి చుట్టాలి. స్టూలు జరుపుకున్నాడు. మొదటి పట్టీ ఆయన చేతిలోనే విరిగింది. "మీరే... విరగ్గొట్టారు," అందావిడ. రెండోది కూడా విరిగింది. మూడోది వంకరగానే అయినా అచ్చు చుట్టూ తిరిగింది. దానిమీద ఇంకోటి, ఆపైన ఇంకోటి. ఆవిడ బొటనవేలు ఒక్కసారైనా సడల్లేదు. టేపు చుట్టేసి, బల్ల సొరుగులోంచి గోళ్ల కత్తెర తీశాడు.

ఆవిడ కుడిచేతిని తన మోకాలిమీద పెట్టుకున్నాడు. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా పెంచిన ఆ బొటనవేలి గోరుని మెల్లగా, చుట్టూ, మొత్తం తీసేశాడు. ఆవిడ కదలకుండా చూసి, తర్వాత ఎడమచేయి కూడా చాపింది.

"అది ఉండనీ," అన్నాడాయన.