ముందు పక్కకి తిప్పండి

అసలు ఎవరికీ చెప్పకుండా ప్రయాణం కట్టే అలవాటు ఈవిడ మానరు కదా! ఫరీదాబాదులో మా కింది వాటా మామ్మగారు మొన్న పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగి, అలాగే పోయారు. కోడలికి ఆ గ్లాసు పని కూడా మిగల్చలేదు.

మా అమ్మాయికి ఫిట్స్. పసితనంలో వచ్చిన మెదడువాపు జ్వరం తగ్గింది గాని, పోతూ పోతూ మెదడులో ఒక మచ్చ వదిలింది. మొదటిసారి చూసినప్పుడు మామ్మగారు పరుగున వచ్చి పిల్ల గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టారు. ఎదురింటి పంజాబీ ఆంటీ చెప్పు తెచ్చి వాసన చూపించింది. నేను నోట్లో పెట్టడానికి చెంచా వెతుకుతున్నాను. మా ముగ్గురి వైద్యం తట్టుకుని పిల్ల బతకడం దాని అదృష్టం.

ఆసుపత్రికి మామ్మగారూ వచ్చారు. చేతిలో, నోట్లో ఏమీ పెట్టొద్దన్నాడు డాక్టరు.

"అయితే చేతులు ముడుచుకు కూర్చోమంటాడా? అడగవయ్యా!"

అడిగాను. పక్కకి తిప్పి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టమన్నాడు. ఆగకపోతే వెంటనే తీసుకురమ్మన్నాడు.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!" అన్నారు, తప్పంతా ఆయనదే అన్నట్టు.

అప్పట్నుంచి బిల్డింగంతటికీ ఆవిడే మేష్టారు. "జూతా నహీ, చాబీ నహీ! కర్వట్, కర్వట్!" అంటూ, చెప్పూ తాళాలూ వద్దు పక్కకి తిప్పండని, ఆ వయసులో నేల మీద పడుకుని, పక్కకి తిరిగి చూపించేవారు. పార్కులో పిల్లలకైతే అది రోజూ ఆటే.

నేను మాత్రం అమ్మాయిని గడప దాటనిచ్చేవాణ్ణి కాదు.

"జబ్బు దాని తలలో ఉందయ్యా. తలుపుకెందుకు గడియ?"

"ఆడుతూ పడిపోతే, మామ్మగారూ?"

"ఇంట్లో పడట్లేదా ఏం? అక్కడైతే ఆడి పడుతుంది."

గడియ తీశాను. రోజూ సాయంత్రం ఆవిడ పార్కు బెంచీ మీద కాపలా కూర్చునేవారు.

ఆవిడ పోయాక మళ్ళీ గడియ వేద్దామనే అనుకున్నాను. ఈలోగా నిన్న అమ్మాయి కిందకి జారుకుంది, పార్కులో ఫిట్స్ వచ్చాయి. నేను దిగేసరికి ఇద్దరు ఆడపిల్లలు దాన్ని పక్కకి తిప్పారు, ఒకత్తె తన స్వెటర్ విప్పి తల కింద పెట్టింది. రెండోది నడుం మీద చేతులు వేసుకుని, చెప్పుతో వంగిన ఒక పెద్దాయన మీద అరుస్తోంది: "అంకుల్, జూతా నహీ!"

రాత్రంతా అదే ఆలోచన. ఈ సాయంత్రం పంపాలా వద్దా అని నేనింకా...

"పాపా! బాల్ ఫేంకో నా!"

కింద నుంచి మా అమ్మాయే, నాన్నా బంతి విసరమని. బంతి మా బాల్కనీలో పడ్డట్టుంది. ఉండండి, అది వేసొచ్చి మిగతాది