బాపు ప్రశ్న, మా ఇంగ్లీషు సారు

మా ఇంగ్లీషు సారు పోయారు. జగిత్యాల దవాఖాన నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఎత్తింది మా మనుమరాలు. విని, ఫోన్ నా చేతిలో పెట్టి, "తాతా, సారు..." అని గోడకు ఆనుకొని కూర్చుంది. 

కోరుట్లలో మా వాడకట్టులో ఆయన ఇల్లు మా ఇంటికి ఎదురుగానే. సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. నేను ఊరి బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్న మనిషిని. ఇంగ్లీషు రాదు, తెలుగులో కూడా మాట తక్కువే. ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు వచ్చి, సారు గురించి నువ్వూ రాయాలని అడిగితే, నాకేం వచ్చు అనుకున్నాను. కానీ ఆయన సంగతి ఒకటి మా ఇంట్లో వాళ్లకే తెలుసు. అది చెప్పకపోతే సారును సగమే చెప్పినట్టవుతుంది.

సాయంత్రమైతే ఇద్దరం ఆయన ఇంటి ముందరి గద్దె మీద, అంటే అరుగు మీద, కూర్చునేవాళ్లం. ఆయన చాయ సాసర్లో పోసుకొని, ఊది ఊది తాగేవారు. నేను మాట్లాడకపోయినా ఆయనకు ఇబ్బంది ఉండేది కాదు. పిల్లలు తప్పుల ఇంగ్లీషు మాట్లాడుతూ వీధిలో పోతుంటే దిద్దేవారు కాదు. ఎవరైనా నవ్వితే మాత్రం ఊరుకునేవారు కాదు. "ఇంగ్లీషు ఎవ్వని అయ్య జాగీరు కాదు, మాట్లాడనియ్యిండ్రి" అనేవారు.

పదో తరగతి పరీక్షలప్పుడు ఇంగ్లీషు పేపరు కాగానే పిల్లలు ప్రశ్నపత్రం పట్టుకొని ఆయన గద్దె దగ్గరికే ఉరికొచ్చేవారు. అది రైటా, ఇది రైటా, ఏ గ్రేడు వస్తుంది అని ఒకటే గోల. సారు రెండు చేతులూ వీపు వెనక కట్టుకునేవారు. ఆ కాగితాన్ని ముట్టేవారు కాదు.

"సారూ, ఒక్క బిట్టు సూడుండ్రి సారూ!"

"రాసినంక కాయిదం మనది గాదు. ఇంటికి పోయి బువ్వ తినుండ్రి."

"సారు ఇంగ్లీషు మర్చిపోయిండురో!" అని పిల్లలు ఎగతాళి చేస్తే, "అవురా, పెన్షన్ ఇచ్చి గుంజుకున్నరు" అని ఆయనా నవ్వేవారు. కానీ చేతులు ముందుకు వచ్చేవి కావు. వాళ్లు వెళ్లిపోయాక ఆయన ముఖం చూసినవాణ్ని నేనే. నవ్వు ఉండేది కాదు.

దానికి కారణం మా కొడుకు. వాడూ ఆయన దగ్గరే చదివాడు. పదో తరగతిలో ఇంగ్లీషు పరీక్ష రాసి, నేరుగా సారు దగ్గరికి వెళ్లి ప్రశ్నపత్రం ఇచ్చాడు. అప్పుడు సారు ప్రతి పిల్లవాడికీ కూర్చుండబెట్టి లెక్కగట్టి చెప్పేవారు. వాడికీ చెప్పారు. అబద్ధం ఆడలేని మనిషి. "కష్టమే కొడుకా" అన్నారు. వాడు ఆ మాట మోసుకొని ఇంటికి వచ్చాడు. తెల్లారి సిరిసిల్ల బస్సెక్కాడు. మిగిలిన పరీక్షలు రాయలేదు. అక్కడ సాంచల మీద, అంటే బట్ట నేసే కరెంటు మగ్గాల మీద, పనికి కుదిరాడు. తర్వాత రిజల్టు వచ్చింది. ఇంగ్లీషులో వాడు గట్టెక్కాడు. పోయింది రాయని పరీక్షల్లోనే.

ఆ రోజు సారు మా గడప దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డారు. "నా లెక్క తప్పయ్యింది అన్నా" అన్నారు. "నీ తప్పేంది సారూ, వాడే బస్సెక్కిండు" అన్నాను. నేను మనసులో ఉన్న మాటే అన్నాను. ఆయన వినలేదు. అప్పటి నుంచి ఆయన చేతులు వీపు వెనక్కి పోయాయి.

కొడుకు ఇప్పటికీ సిరిసిల్లలోనే. సాంచల చప్పుడుకు చెవులు మందమయ్యాయి. కోడలు మా దగ్గరే ఉండి బీడీలు చేస్తుంది. వాళ్ల బిడ్డ, నా మనుమరాలు, ఈ ఏడు పదో తరగతి రాసింది. మంచి గ్రేడ్లు వస్తే హాస్టల్ కాలేజీలో సీటు వస్తుందని దాని ఆశ. ఆ సీటు కోసమే వాళ్ల బాపు రాత్రి షిఫ్టు కూడా ఒప్పుకున్నాడు. మా దిక్కు నాన్నను బాపు అంటాం.

ఇంగ్లీషు పరీక్ష రోజు పిల్ల ఇంటికి వచ్చి, పరీక్ష అట్ట మూలకు విసిరి, గోడవైపు తిరిగి పడుకుంది. తల్లి అన్నం పెడితే ముట్టలేదు. "నేను ఇగ లెక్కల పరీక్షకు పోను" అన్నది. కోడలు గొంతు పెరిగింది. నాకు మాత్రం సిరిసిల్ల బస్సు కళ్ల ముందు కదిలింది. ఏం చేయాలో తోచక గడపలోకి వచ్చి నిలబడ్డాను. ఎదురింట్లోంచి సారు నా ముఖం చూశారో ఏమో, లేచి వాడ దాటి వచ్చారు. వచ్చి దాని పక్కన నేల మీదే కూర్చున్నారు.

"ఏమైందే బిడ్డా?"

"బాపు గురించి రాయుమన్నరు సార్. నేను బాపు గురించి రాసిన."

"మంచిదే గదా."

"మా బాపు గురించి రాసిన సార్!"

సారుకు వెంటనే అర్థం కాలేదు. నాకూ కాలేదు. వెక్కుతూ పిల్లే విడమరిచి చెప్పింది. బయటికొచ్చాక గేటు దగ్గర అందరూ జవాబులు సరిచూసుకుంటుంటే, అందరూ గాంధీ గురించి రాశారట. ఇది వాళ్ల బాపు గురించి రాశానంటే ఒకటే నవ్వులట. "మీ బాపేమన్న పైసల నోటు మీద ఉన్నడానే?" అన్నదట ఒక పిల్ల. గేటు దాటేలోపే "నోటు మీది బాపు" అని పేరు కూడా పెట్టేశారట.

అప్పుడు సారు చెయ్యి చాపారు. "కాయిదం ఇయ్యి."

నేను బిత్తరపోయాను. ఆయన అద్దాలు పెట్టుకొని చదివి, నా కోసం తెలుగులో చెప్పారు. "అన్నా, గీ ప్రశ్నల గాంధీ పేరు లేదు. బాపు బతుకు నుంచి నువ్వేం నేర్చుకున్నవో రాయి అని ఉన్నది. ఆసరాకు కింద కొన్ని మాటలిచ్చిండ్రు. సాదా బతుకు, నూలు, బట్ట, నడక, నిజం."

నూలు, బట్ట అన్నప్పుడు నా కళ్ల ముందుకూ నా కొడుకే వచ్చాడు. చొక్కాకు దూది అంటుకొని, బస్సు దిగి నడిచి వచ్చేవాడు.

"గాంధీని మనం తాత అంటం గద సార్? బాపు అంటమా?" అన్నది పిల్ల.

"అనం" అన్నారు సారు. "లేచి నిలబడు. నువ్వు రాసింది చెప్పు."

నిలబడి ఇంగ్లీషులో చెప్పింది. నాకు బాపు అన్న మాట, సిరిసిల్ల అన్న మాట తప్ప ఏవీ అందలేదు. సారు కళ్లు మూసుకొని వింటున్నారు. ఒకచోట ఠక్కున తెరిచారు.

"స్పీక్ అని రాసినవా, స్పీక్స్ అని రాసినవా?"

"స్పీక్స్ సార్."

"ఎస్సు పెట్టినవు గదా? బాపు ఒక్కడే ఉంటడు. ఒక్కడైతె ఎస్సు పెట్టాలె."

"పెట్టిన సార్."

"ఆఁ, గట్ల. ఇగ చెప్పు."

ఆ ఏడుపులోనే దానికి కొంచెం నవ్వొచ్చింది. సారు నావైపు తిరిగి ఆ వాక్యం ఏమిటో చెప్పారు. "మా బాపు గట్టిగ మాట్లాడుతడు, గది కోపం గాదు అని రాసింది అన్నా."

"గ్రేడు పోతదా సార్? మీరే దిద్దితె ఎన్ని ఏస్తరు?"

సారు కాగితం మడిచి దాని చేతిలో పెట్టారు. "నాకు తెల్వది బిడ్డా. దిద్దెటాయన భాష సూసి ఏస్తడో, గాంధీ లేడని కొట్టేస్తడో. మీ బాపుకు ఒకపారి తెలిసినట్టు చెప్పిన. ఇగ ఎవ్వలికీ చెప్ప. కని లెక్కల పరీక్ష రాయకుంటె ఏమైతదో, గది మాత్రం నాకు బాగ తెల్సు."

పిల్ల ఆయన మోకాలు పట్టుకుంది. "బాపుకు చెప్పకుండ్రి సార్. నా గురించి రాసుడు వల్లనే నా బిడ్డ గ్రేడు పోయింది అనుకుంటడు. మస్తు బాధపడుతడు."

"నేను చెప్ప. నువ్వే చెప్పాలె. రిజల్టు రాకముందే చెప్పు. ఇప్పుడు చెప్తె బాపు ముచ్చటైతది. తర్వాత చెప్తె గ్రేడు ముచ్చటైతది."

లెక్కల పరీక్షకు పిల్ల పోయింది. ఆటో మలుపు తిరిగేదాకా సారు తన గేటు పట్టుకొని నిలబడ్డారు. మిగిలిన పరీక్షలన్నిటికీ అలాగే నిలబడ్డారు. మా ఇంటికి ఆయన చేసిన మేలు ఇది. ఆయన ఉన్నప్పుడు ఈ మాట ఆయనతో అనే అవసరం ఉందని నాకు అనిపించలేదు. గద్దె మీద కూర్చుంటే తెలిసిపోతుంది అనుకునేవాణ్ని.

తర్వాత ఊపిరి ఆడక జగిత్యాల దవాఖానలో చేరారు. చూడటానికి వెళ్లాను. ముక్కుకు గొట్టం ఉంది. దాన్ని కొంచెం జరుపుకొని అడిగారు. "పిల్ల బాపుకు చెప్పిందా?"

"లేదు సారూ. ఫోన్ల చెప్పబోతది, మింగుతది."

"చెప్పుమను అన్నా" అని, కిటికీ వైపు తిరిగారు. ఆ దిగులుతోనే పోయారు.

సారు దినాల కంటే ముందే రిజల్టు వచ్చింది. అన్నిటిలో మంచి గ్రేడ్లే. ఇంగ్లీషులో మాత్రం గ్రేడు దిగింది. ఆ ప్రశ్నతో దిగిందో, ఇంకో దానితో దిగిందో చెప్పేవాళ్లు లేరు. సీటు వస్తుందో రాదో ఇంకా తెలియదు. పిల్ల ఫోన్ బోర్లా పెట్టి, ఎదురింటి గేటు చూస్తూ కూర్చుంది.

దినాలకు కొడుకు సిరిసిల్ల నుంచి వచ్చాడు. సారు ఇంటి వాకిట్లోనే అందరం తిన్నాం. విస్తరి ముందు నుంచి లేస్తూ వాడు, దూరంగా నీళ్లు పోస్తున్న బిడ్డను అడిగాడు. వాడు మామూలుగా అడిగినా వాకిలంతా వినపడుతుంది.

"ఇంగ్లీషుల గట్ల తక్కువచ్చుడేందే బిడ్డా? సారు ఇంటి ముందట ఉండి గూడ!"

అందరూ తలలు తిప్పారు. పిల్ల చెంబు కింద పెట్టింది.

"బాపూ, నేను నీ గురించి రాసిన."

"ఆఁ?"

"నీ గురించి రాసిన!"

వాడికి అందలేదు. దగ్గరికి వెళ్లింది. వాడు వంగాడు. సాంచల దగ్గర మనుషులు అట్లాగే మాట్లాడుకుంటారట, చెవి దగ్గర నోరు పెట్టి. పిల్ల మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఒక ముక్క, తెలుగులో ఒక ముక్క. వాడు ఎంగిలి చెయ్యి పిల్ల బట్టలకు తగలకుండా పక్కకు చాపి, అట్లాగే వంగి ఉన్నాడు. సారు భార్య చెంబు అందుకొని వాడి చెయ్యి కడిగించడానికి వచ్చి, ఆగిపోయింది. వాడి వేళ్ల మీద మెతుకులు ఎండిపోతున్నాయి. పిల్ల ఇంకా చెబుతూనే ఉంది.