ఏడేళ్లుగా వినబడని మనిషి

పడవ అప్పు తీరకుండానే నా పెనిమిటి సముద్రంలో తప్పిపోయాడు. ఎనిమిదో ఏట అప్పులవాడొచ్చి, మొగుణ్ని దాచావంటూ, నేను చేపలమ్మి కట్టుకున్న ఇల్లు వేలం వేయిస్తానన్నాడు. దివాలా పిటిషన్ వేద్దామని మా దీవి పట్నంలోని గోల్ ఘర్ పేటలో ఒక వకీలు దగ్గరికెళ్లాను.

“దివాలా ఆయన తియ్యాలి దీదీ, మీరు కాదు. ఏడేళ్లుగా అయినవాళ్లెవరూ ఆయన కబురు వినకపోతే, కోర్టు పోయాడనుకుంటుంది. అప్పు ఆయన వదిలిన దాంట్లోంచే రావాలి, మీ ఇల్లు ముట్టుకోలేరు. ఎప్పుడైనా విన్నారా?”

రోజూ పొద్దుగూకే వేళకి గుమ్మంలో ఆయన దగ్గు వింటూనే ఉన్నాను. కోర్టుకి దగ్గుతో పనేంటి?

“నేదు బాబూ, ఏటీ ఇన్నేదు,” అన్నాను. అప్పటికి నాకు అక్షరం రాదు, వకీలు కాయితం మీద రాసిన ఆ మాట కింద వేలిముద్ర వేశాను.

వకీలు తలుపు వైపు చూశాడు. “బయట దగ్గుతున్నదెవరు? మీతో వచ్చారా?”

“నాతో ఎవులూ రానేదు.”

ఇల్లు నిలిచింది. ఆ గుమ్మంలో దగ్గు మళ్లీ వినబడలేదు.