మా మామను ఖర్చు కింద రాసిన సంగతి

మా అత్త చేసే మురుకుల గురించి నేను గొప్పలు చెప్పను. చెబితే మరి నువ్వెందుకు నేర్చుకోలేదని అడుగుతారు. నేర్చుకున్నాను, రాలేదు, అంతే. ఆమె మురుకు కొరికితే చప్పుడు పక్కింటికి వినబడేది. నా మురుకు కొరికితే కొరికినవాళ్ల మూలుగు వినబడేది.

అత్తగారి ఊరు జడ్చర్లకు నడిచి పోయేంత దూరం. అరవైల మొదట్లో నేను కాపురానికి వచ్చేసరికే ఆ ఇంటి ముందరి పందిరి కింద పెద్ద పొయ్యి, దాని మీద కడాయి, దాని ముందు మా అత్త. మా ఆయన జడ్చర్లలో పత్తి మిల్లులో గుమాస్తా. పొద్దున పనికి పోతూ మురుకుల గంప సైకిల్‌కు కట్టుకుని బస్టాండు హోటళ్లలో ఇచ్చిపోయేవాడు. పెళ్లిళ్ల కాలం వస్తే సారె గంపలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషులు వచ్చి కూర్చునేవాళ్లు.

మా మామవి గొర్రెలు. నేను రాకముందు ఒక కరువులో మంద సగానికి సగం పోయిందట. అప్పుడు ఇల్లు గడవడానికి అత్త పొయ్యి పెట్టింది. తర్వాత వానలు పడ్డాయి, మంద పెరిగింది, కానీ ఆమె పొయ్యి తీయలేదు. మామకు అది గుచ్చుకునేది. "ఆడోళ్ల ఆట" అనేవాడు. ఆయన చుట్టలు ఆ ఆట పైసలతోనే వచ్చేవి. ఆ సంగతి తనకు తెలియనట్టే ఉండేవాడు. అత్త మాత్రం ఎవరినీ అడగకుండా తన కూతురికి చీర కొనేది, అడిగినవాళ్లకు ఇంత చేబదులు ఇచ్చేది, కోపమొస్తే ఎవరి ముందూ తల వంచేది కాదు. ఆ పొయ్యి పోతే ఆమెకంటూ ఆ ఇంట్లో ఏమీ మిగలదని కొత్త కోడలినైన నాకే తెలిసింది.

ఒకనాడు పంచాయతీ కావలికారు వచ్చి చాటింపు వేశాడు. పట్నం నుంచి సారు వస్తాడట, చేతిపని, ఇంటిపని చేసి సంపాదించే ప్రతివాళ్ల ఆదాయం లెక్కగడతాడట, ఆదాయం ఒక హద్దు దాటితే వృత్తి పన్ను వేస్తాడట. మామ అప్పుడే గొర్రెలు తోలుకొచ్చి గడప మీద కూర్చున్నాడు.

"లెవీ కాలంల గిట్లనే వచ్చిండ్రు" అన్నాడు. "జర చూసి పోతమన్నరు. గింజల పాతర ఊడ్చుకపోయిండ్రు. ఇగో చెప్తున్న, గీ పొయ్యికి పన్ను పడ్డదా, ఆ దినమే దాంట్ల నీళ్లు పోస్త!"

వేరే ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాళ్లం. మా మామ నోటి నుంచి వచ్చిన ఒట్టు మాత్రం రాయి మీద గీత. ఒకసారి జడ్చర్ల హోటల్లో ఓటి కప్పులో చాయ్ పోసిచ్చారని ఇక జన్మలో చాయ్ తాగనన్నాడు. అంతే, తాగలేదు. నేను ఇంట్లో చాయ్ పెడితే వచ్చి పొయ్యి దగ్గర నిలబడి వాసన పీల్చుకుని పోయేవాడు. అలాంటి మనిషి నీళ్లు పోస్తానన్నాడంటే పోస్తాడు. అత్త ఆ రోజు మురుకుల్లో ఉప్పు వేయడం మరిచిపోయింది.

రాత్రి అన్నాల దగ్గర మా ఆయన తల్లికి ధైర్యం చెప్పాడు.

"ఫికర్ చేయకు అమ్మా. అమ్మిందంతా ఆదాయం కాదు. పిండి, నూనె, కట్టెలు, పని కోసం పెట్టిన ఖర్చంతా తీసేస్తరు. మిగిలినదానికే పన్ను. ఖర్చు సరిగ్గ రాసి చూపిస్తే హద్దు లోపల్నే ఉంటం."

ఆ మాటతో మా అత్తకు కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ఆమె బతికుంటే ఈ వాక్యం రాసేంత ధైర్యం నాకు లేదు.

తెల్లారగానే నన్ను పిలిచింది. ఇంటి ఆడవాళ్లలో నాలుగు అక్షరాలు వచ్చినదాన్ని నేనే. పుస్తకం ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె అణాల్లో చెప్పాలి, నేను నయాపైసల్లో రాయాలి. బియ్యప్పిండి, పల్లినూనె, నువ్వులు, వాము, కట్టెలు. అక్కడిదాకా బాగానే నడిచింది.

"పిల్లి పాలు రాయి."

"పిల్లికీ మురుకులకూ ఏం సంబంధం అత్తా?"

"పిండి బస్తాలకు ఎలుకలొస్తయి. పిల్లి లేకుంటే పిండేడిది? రాయి."

రాశాను. తర్వాత కుక్కకు వేసే రొట్టె. అది దొంగల్ని తరుముతుందట. మా కుక్క తరిమింది ఒక్క మా ఆయన్నే, అదీ పెళ్లికొడుకు బట్టల్లో ఉంటే గుర్తుపట్టక. ఆ తర్వాత ఆకు, వక్క, సున్నం. నోట్లో ఆకు లేకపోతే ఆమెకు చేయి ఆడదు. నా పెళ్లినాటి పాత చీర కూడా చెప్పింది. దాన్ని చింపి కడాయి దించే మసిగుడ్డలు చేసింది కనక అదీ ఖర్చే. నాకు ఒళ్లు మండింది.

"మరి పొద్దుందాక పిండి పిసుకుతున్న, నా పేరు రాయించవా?" అన్నాను.

"కోడలు ఖర్చెట్లైతదే? కోడలు ఆదాయం!" అంది. పొగిడిందో తిట్టిందో ఈనాటికీ తేల్చుకోలేదు.

చివరికి పోచమ్మకు కోసిన మేకపోతు దగ్గరికి వచ్చింది. కాగిన నూనె ఎవరి మీదా పడకుండా చూడమని ఏటా మొక్కు. అదీ రాయించింది. అయినా నేను కూడి చూస్తే ఆదాయం ఇంకా హద్దు దాటే ఉంది. అత్త గడప మీద చేతికర్ర పట్టుకుని కునుకుతున్న మామ వైపు చూసింది. గొంతు తగ్గించి అంది:

"కావలి మనిషి, తిండీ జీతం అని రాయి."

"ఏ కావలి మనిషి?"

"గా కూసున్నడు గద. కట్టెలు తెస్తడు, కాకుల్ని కొడతడు. ఉత్తగ తింటుండా? రాయి గని, ఆయనకు చెప్పకు."

మామకు చదువు రాదు. కాబట్టి తనను ఖర్చు కింద రాశారని తెలియకుండానే ఆయన వచ్చే సారు కోసం ఎదురుచూస్తూ మీసాలు దువ్వుకున్నాడు.

సారు వచ్చాడు. కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన కుర్రవాడు, ప్రతి మాటకీ "అండి" తగిలించేవాడు. మంచం వేస్తే అంచున కూర్చుని పుస్తకం తెరిచాడు. పిండి దగ్గర తలూపాడు, నూనె దగ్గర తలూపాడు. పిల్లి దగ్గర ఆగాడు.

"ఎలుకల్ని పట్టే పిల్లికి పాలెందుకండి?"

"ఉత్త ఎలుకలు తిని ఎవలుంటరు సారూ?"

సారు సగం పాలు ఉంచి సగం కొట్టేశాడు. కుక్కను పూర్తిగా కొట్టేశాడు, దానికి తగినట్టే అది ఆయన చెప్పుల మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. ఆకూ వక్కా కొట్టేశాడు. మేకపోతు దగ్గర మళ్లీ ఆగాడు.

"ఇది ఎవరు తిన్నారండి?"

"మేమే తిన్నం."

"అయితే భోజనం కిందికి వస్తుంది. వ్యాపారం ఖర్చు కాదు."

"మొక్కు సారూ! అమ్మవారికిచ్చింది!"

"అమ్మవారు రసీదు ఇవ్వరు కదండీ."

"రసీదులిచ్చే తల్లైతే నీదాక ఎందుకొస్తం? ఆమెనే పన్ను మాఫ్ చేస్తుండె" అంది అత్త. సారు దగ్గి, మేకపోతును కూడా కొట్టేశాడు. ఒక్కో గీతకూ అత్త పొయ్యి ఇంత ఇంత దూరం జరిగిపోతున్నట్టు అనిపించింది.

"ఈ కావలి మనిషి ఎవరండి?"

మా అత్త గరిటె కొసతో గడప వైపు చూపించింది.

"ఈ పెద్దాయనా? ఈయన ఇంటి యజమాని కదా. యజమాని తిన్న తిండి ఖర్చు కాదు. పైగా ఈయన పనేమీ చేస్తున్నట్టు లేదే" అని సారు కలం ఎత్తాడు.

తనను ఖర్చులో రాసినందుకు మామ కర్ర తీస్తాడని నేను గోడకు ఒదిగి నిలబడ్డాను. తీశాడు కూడా. కానీ ఆయన కోపం మా మీద కాదు.

"ఏం జేస్తలేనా?" అని లేచాడు. "గీ కట్టెలెవలు కొట్టింది? నీ తాతనా? జడ్చర్ల నుంచి నూనె డబ్బా నెత్తి మీద మోసుకొచ్చేదెవలు? వానొస్తే పందిరి కప్పేదెవలు? మురుకులు ఆరబెడితే కోళ్లొస్తయి, కాకులొస్తయి, మా గొర్రెలే వస్తయి, మందను తోలుకొచ్చినంక కర్ర పట్టుకొని కూసునేదెవలు? పనేం లేదంటవా? పిల్లికి సగమిస్తివి, నాకేం లేదా?"

ఆడోళ్ల ఆట కోసం ఇంత చాకిరీ చేస్తున్నానని ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది. చెప్పేకొద్దీ పనులు గుర్తొస్తున్నాయి, గుర్తొచ్చేకొద్దీ గొంతు పెరుగుతోంది. గోడ మీద నుంచి పక్కింటివాళ్ల తలలు లేచాయి.

సారు ఓపిగ్గా చెప్పాడు. "పని చేస్తారు, కాదనను. కానీ రూలు ఏమిటంటే, మీరు యజమాని అయితే మీ కూలి ఖర్చు కాదు. మీరు పనివాడు అయితే ఖర్చే. అప్పుడు యజమాని ఇంకొకరు అవ్వాలి. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి, రాసుకుంటాను."

"జీతగాణ్ణే రాయి! యజమాని గీమెనే! గీ పొయ్యి నేను పెట్టిన్నా? నేను కష్టం చేస్తున్న, నా కష్టం రాయి!"

సారు రాశాడు. మామ ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచి, అందరూ చూస్తుండగా అదిమి మరీ వేలిముద్ర వేశాడు. గెలిచినవాడిలా వచ్చి మళ్లీ గడప మీద కూర్చున్నాడు. అత్త ఇటు తిరగలేదు. పిండి కలుపుతూనే ఉంది, కాకపోతే కొంచెం నెమ్మదిగా.

సారు కూడాడు, తీసేశాడు, మళ్లీ కూడాడు. మామ జీతం తీసేసినా హద్దు దాటింది. ఎంతో కాదు, పిల్లికి కొట్టేసిన సగం పాలంత. పన్ను రెండు రూపాయలు. అత్త కొంగు ముడి విప్పి రెండు రూపాయలూ కట్టింది. నాకు ఏడుపొచ్చింది.

అయినా వాయ దిగే వేళకు ఇంటికి వచ్చి ఉన్న మనిషికి ఆ వాయలో మొదటి మురుకు పెట్టడం మా అత్త నేమం. పెట్టకపోతే మిగతావన్నీ విరుగుతాయట. పళ్లెంలో పెట్టి ఇచ్చింది. ఊరికే తీసుకోకూడదని సారు జేబులో చేయి పెట్టాడు.

"పైసలిస్తే అమ్మకంల కలుస్తది సారూ. మళ్లీ మొదటి నుంచి లెక్కగట్టాలె" అంది అత్త.

సారు పుస్తకం వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు, జేబులోంచి చేయి తీసి మురుకు తిన్నాడు. కుక్క తల కింద నుంచి చెప్పులు లాక్కుని వెళ్లిపోయాడు.

ఆయన సందు మలుపు తిరిగాడో లేదో మామ లేచాడు. గోలెం దగ్గరికి పోయి బిందె నిండా నీళ్లు ముంచాడు. పన్ను పడింది, ఒట్టు ఒట్టే. ఆయన ముఖంలో సంతోషమైతే లేదు. చాయ్ వాసన పీల్చుకుని పోయేటప్పటి ముఖమే. బిందె భుజాన పెట్టుకుని వచ్చి పొయ్యి ముందు నిలబడ్డాడు. నేను "మామా, మామా" అంటూ ఆయన వెంటే వచ్చాను.

అత్త తలెత్తింది. ఆమె కళ్లలో అంతవరకూ నేను చూడని ధీమా.

"ఏందయ్యా, జీతగాడు యజమానిని అడగకుంట పొయ్యార్పుతడా?"

మామ సిరా అంటిన బొటనవేలు చూసుకున్నాడు. ఒట్టు వేసినవాడు ఆయనే, వేలిముద్ర వేసినవాడూ ఆయనే. ఏది దాటినా మాట తప్పినట్టే. బిందె భుజం మీద బరువు పెరుగుతోంది. గోడ మీద తలలు ఇంకా పైకి లేచాయి.

"మరి గీ నీళ్లేం జేయాలె?" అన్నాడు చివరికి.

"తెచ్చినవు గద. పిండిల పొయ్యి. జర చూసి పొయ్యి."

పోశాడు. బిందె ఒక్కసారిగా వంచి, కావలసినదానికంటే ఎక్కువే పోశాడు. పిండి జారింది, ఆ వాయ మురుకులు నూనె తాగి మెత్తగా వచ్చాయి, కుక్క తప్ప ఎవరూ ముట్టలేదు. అత్త ఆయన్ని ఒక్క మాట అనలేదు. నెల తిరిగాక జీతం ఇచ్చేటప్పుడు మాత్రం ఆ వాయ ఖరీదు కోసుకుని ఇచ్చింది.