రేడియం నీళ్ళకు నేనిచ్చిన సర్టిఫికెట్

మోసగాణ్ణి పట్టుకోబోయి, నిండు సంతలో వాడికే సర్టిఫికెట్ ఇచ్చిన మహామేధావిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, ఈ ముసలి ముఖాన్ని చూడండి.

అప్పుడు నేను విశాఖపట్నం కాలేజీలో సైన్సు ప్రయోగాలు చేసి చూపించేవాణ్ణి. నా తెలివి మీద నాకున్న నమ్మకం అనంతగిరి కొండకన్నా ఎత్తు. మా అక్క సుగుణమ్మ అరకులో మిషను దవాఖానాలో నర్సు. ఆవిడ కబురు పెట్టింది.

"బేగి రా తమ్ముడూ! అన్ని జబ్బులూ తగ్గించే రేడియం నీళ్ళంటూ ఎవడో సంతలో సీసాలు అమ్మేస్తన్నాడు. జనం క్వినైను మానేసి అవే తాగుతున్నారు. జ్వరంతో ఒక గుంటడు నా చేతుల్లోనే పోయేవాడు."

ఎలక్ట్రోస్కోపు పట్టుకుని ఘాటీ ఎక్కాను. అదొక గాజుబుడ్డి, లోపల రెండు పల్చటి బంగారు రేకులు. విద్యుత్తు ఎక్కిస్తే పిట్ట రెక్కల్లా విచ్చుకుంటాయి, రేడియం దగ్గరికొస్తే వాలిపోతాయి. అక్క వంటింట్లో పొయ్యి పక్కన పరీక్షించాను. అక్క సంతలోంచి తెప్పించి ఉంచిన సీసా దగ్గర పెట్టినా రేకులు చెక్కు చెదరలేదు. ఒట్టి నీళ్ళే!

మర్నాడు సంతలో మనిషికి మనిషి కనబడనంత మంచు. నాకేం లెక్క? బల్లెక్కి గొంతు చించుకున్నాను.

"ఈ నీళ్ళలో రేడియం ఉంటే రేకులు వాలిపోతాయి. లేకపోతే ఇలాగే నిలబడతాయి. చూడండి!"

సీసా దగ్గర పెట్టాను. పీటలమీద పెళ్ళికూతురు తల దించుకున్నట్టు, రేకులు మెల్లగా వాలిపోయాయి.

"ఇన్నారా!" అని ఎగిరాడు సీసాలవాడు. "కాలేజీ బాబే సెప్పినాడు! అసలైన రేడియం!"

జనం విరుచుకుపడ్డారు. చింతపండు, పసుపు, కోళ్ళు ఇచ్చి సీసాలు పట్టుకుపోతున్నారు.

"ఏటి సేసినావురా?" అంది అక్క.

బల్లకింద దూరిపోదామనుకుంటుండగా, అంబలి అమ్ముకునే సోములమ్మ కుండతో వచ్చింది. ఆవిడ అప్పుడే కోడినిచ్చి సీసా కొంది.

"బాబూ, నా అంబలికాడ కూడా ఎట్టి సూడు."

పెట్టాను. మళ్ళీ విద్యుత్తు ఎక్కించిన రేకులూ వాలిపోయాయి.

"ఓలమ్మో! నా అంబలి కూడా రేడియమే!"

సంతంతా గొల్లుమంది. అల్లం, గుమ్మడికాయ, ఎవరిదో పుంజు, అన్నీ రేడియమే! చివరికి ఏమీ పెట్టకపోయినా రేకులు పడిపోయాయి. అప్పుడు వెలిగింది నా బుర్ర.

"మంచు! తడిగాలికి విద్యుత్తు జారిపోతోంది!" అని అరిచాను. వినేదెవరు? సోములమ్మ అప్పటికే సీసాలవాడి ముందు నిలబడింది.

"ఇంటికాడ కుండెడు రేడియం ఉంటే నీ సీసా నాకెందుకయ్యా? నా కోడి నాకిచ్చీ!"

"నాది జబ్బులు తగ్గించే రేడియమమ్మా!"

"మరి నీ మొహమేటి అలా పాలిపోనాది? నా అంబలి తాగు!"

అందరూ తమ సరుకు తాము లాక్కున్నారు. వాడు ఖాళీ బండితో ఘాటీ దిగిపోయాడు. అక్క నలుగురినీ పొయ్యి దగ్గరికి పిలిచి, అవే రేకులు సీసాకీ, అంబలికీ కూడా వాలకుండా నిలబడటం చూపించింది. సాయంత్రానికి దవాఖానా ముందు క్వినైనుకి బారు తీరారు. ఆ జ్వరం గుంటడు లేచి కూర్చుని అంబలి అడిగాడని తెలిశాక, మేమిద్దరం పడీపడీ నవ్వాం.

క్వినైను సీసామీద చెయ్యి వేసి ఆరోజే ప్రమాణం చేశాను: ఏదైనా కొలవాలంటే ముందు ఏమీ పెట్టకుండా కొలుస్తాను. ఉపన్యాసం ఇవ్వాలంటే ముందు నోరు మూసుకుంటాను.